వినపడని మనిషికి మాట్లాడే డబ్బా

ఫోన్‌తోని పైసలు కట్టుడు మన దిక్కు కొత్తగ వచ్చిన రోజులల్ల, దుకాణం దుకాణం తిరిగి నల్లచుక్కల స్టిక్కర్లు అంటించిన మనుషులల్ల నేనొకన్ని. అప్పటికే నాకు యాభై అయిదు దాటినయి. అంతకుముందు ఇరవై ఏండ్లు కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి దాకా మోటర్‌సైకిల్ మీద తిరిగి ఫోన్ రీచార్జి కార్డులు అమ్మిన. గోరుతోని గీకి నంబర్ చూసుకునే కార్డులు. ఆ కార్డులు పోయినయి. అదే సంచి, అదే బండి, అవే దుకాణాలు. కార్డుల జాగల స్టిక్కర్లు వచ్చినయి, అంతే.

ఇప్పుడు ఈ పని చేసే మీకు ఇదంత నవ్వులాట లెక్క ఉంటది. మీరు పోంగనే దుకాణపాయన "మా దగ్గర నాలుగున్నయి తమ్మీ, ఇంకోటి ఏడ పెట్టాలె?" అంటడు. నాకు అప్పుడు ఒక్కొక్క దుకాణానికి అర్ధగంట పట్టేది. "పైసలు ఎక్కడ పడ్తయి? ఈ కాగితంలనా?" అని అడిగేటోళ్ళు. భిక్నూర్ కాడ హైవే మీద ఒక ధాబా ఆయన, స్టిక్కర్‌ను ఎవడన్న గుంజుకపోతడని గల్లపెట్టె లోపల అంటించుకున్నడు. గిరాకి వచ్చినప్పుడల్ల గల్లపెట్టె గుంజి, "ఇగో, కొట్టుండ్రి" అని చూపిస్తుండె. నేను నెల తర్వాత పోయి చూసి, నవ్వు ఆపుకొని, ఇంకోటి గోడకు అంటించి వచ్చిన.

స్టిక్కర్ల తర్వాత మాట్లాడే డబ్బాలు వచ్చినయి. ఎవరన్న పైసలు కొట్టంగనే "ఇరవై రూపాయలు అందినయి" అని గట్టిగ చెప్పే డబ్బాలు. వాటికి నెలకింత కిరాయి. అవి అంటగట్టుడు మా పని. పొద్దుమీకేలోపు ఇన్ని పెట్టాలె అని ఆఫీసుల లెక్క ఉంటుండె. మా టీం లీడరు నాకన్న ముప్పై ఏండ్లు చిన్న. పెద్ద చదువు చదివిండు, మంచిగనే మాట్లాడుతడు, నన్ను "అంకుల్" అంటుండె. పొద్దున ఎనిమిదికే ఫోన్ చేసి "అంకుల్, ఇయ్యాల ఎన్ని?" అనేటోడు. నమస్తే గూడ ఆ ప్రశ్నలనే ఉండేది.

ఎల్లారెడ్డిల బస్టాండు దగ్గర ఒక మిర్చి బజ్జీల బండి ఉన్నది. బండి నడిపే ఆమెకు ముప్పై అయిదేండ్లు ఉంటయేమో. ఆమె పెనిమిటి గల్ఫుల మేస్త్రీ పని చేస్తడు. ఆమెకు పుట్టుక నుంచి వినపడది, మాట రాదు. మొగడు పెండ్లాలిద్దరు రోజూ ఫోన్ల ఒకరినొకరు చూసుకుంట చేతులతోని మాట్లాడుకునేటోళ్ళు. అందుకే ఆమె దగ్గర పెద్ద ఫోన్ ఉంటుండె. పక్కన స్టూలు మీద అత్త కూసొని ఉల్లిగడ్డలు తరిగేది, పైసలు తీసుకునేది.

నేను డబ్బా పట్టుకొని పోయిన దినం అత్తనే మాట్లాడింది.

"మా కోడలికి వినపడది బిడ్డా. గిది ఆమెకేం పనికొస్తది?"

"నీకు వినపడ్తది గద అవ్వా?"

"నాకేం, మంచిగ వినపడ్తది. పక్కింట్ల గుసగుసలు గూడ వినపడ్తయి."

"ఇగ ఏంది మరి? డబ్బా నీకు చెప్తది, నువ్వు కోడలికి చెప్పు."

అవ్వ ఉల్లిగడ్డ కోసుడు ఆపింది. "నేనెన్నొద్దులు కూసుంట బిడ్డా ఈడ?"

"నువ్వు నూరేండ్లు ఉంటవు అవ్వా" అన్న. అనుకుంటనే కోడలి ఫోన్ తీసుకొని నంబర్లు కొట్టి, డబ్బా బండి మీద పెట్టి, రివాజు ప్రకారం ఫోటో తీసుకున్న. ఆ ఫోటోల అత్త నవ్వుతుంటది. కోడలు డబ్బా దిక్కు చూస్తుంటది. ఆ దినం నాకు అది ఆఖరి డబ్బా. లెక్క పూర్తయింది. పక్క హోటల్ల చాయ తాగి కామారెడ్డి తొవ్వ పట్టిన. అవ్వ అడిగిన దానికి నేను జవాబు చెప్పలేదని అప్పుడు నాకు అనిపియ్యలే.

ఏడెనిమిది నెలలు గడిచినయి. ఒకనాడు ఎల్లారెడ్డి బస్టాండు కాడ పెద్ద కిరాణా దుకాణం ఉన్న సేటు నన్ను పిలిచిండు. ఆ బజార్ల ఆయన మాట నడుస్తది. ఆయన "పెట్టుకోండ్రి" అంటే పది మంది పెట్టుకుంటరు. నాకు ముందుగాల గిరాకీలు ఇప్పిచ్చింది గూడ ఆయననే. చాయ తెప్పిచ్చి, కొత్తగ ఇంకో కౌంటర్ పెడుతున్న, దానికొక డబ్బా కావాలన్నడు.

"స్టాకు లేదు సేటూ. వారం పడ్తది."

"నాకు ఇయ్యాలనే కావాలె. ఎల్లుండి మా దుకాణాలోళ్ళ మీటింగున్నది. నలభై దుకాణాలకు నీ కంపెనీదే పెట్టిపిస్త. నా కౌంటర్ మీదనే లేకపోతే ఏమని చెప్పాలె?"

నలభై అంటే నాకు రెండు నెలల పని. ఏం చేద్దామని చూస్తుంటే ఆయననే తొవ్వ చూపిండు.

"ఆ మిర్చిలామె కాడ ఉన్నది ఉత్తగనే ఉన్నది గద. ముసలామె బాత్రూంల జారి పడి తుంటి ఇరిగింది, రెండు నెలల సంది మంచం మీదనే. ఈమెకేమో వినపడకపాయె. అది ఎవరికి చెప్తున్నట్టు?"

అవ్వ పడ్డ సంగతి నాకు అప్పుడే తెలిసింది. టీం లీడరుకు ఫోన్ చేసిన. "తీసేయండ్రి అంకుల్, దాంట్ల అడిగేదేమున్నది? ఆమెకు కిరాయి మిగులుతది, మనకు నలభై షాపులొస్తయి" అన్నడు. వింటుంటే ఇద్దరికి మంచి చేస్తున్నట్టే ఉన్నది. నేను గూడ అట్లనే అనుకున్న. అనుకొని బండి కాడికి పోయిన. సేటు గూడ నా ఎంబడే వచ్చిండు.

నాలుగు దాటింది. బాన్సువాడ బస్సు కోసం నిలబడ్డోళ్ళు ఏడెనిమిది మంది బండి చుట్టూ ఉన్నరు. బండి పక్కకు జామపండ్ల గంపతోని ఒక నడీడు ఆడమనిషి కూసున్నది. కడాయిల నూనె మసులుతున్నది. బజ్జీలామె రెండు చేతులకు శెనగపిండి ఉన్నది. అత్త స్టూలు ఖాళీగ ఉన్నది, దాని మీద ఉల్లిగడ్డల బుట్ట పెట్టుకున్నది.

డబ్బా నేను పెట్టిన జాగల లేదు. కడాయికి ఎడమ దిక్కు చెక్క మీదికి జరిపింది. ఆమె ఎడమ మోచేయి దానికి ఆనుకొని ఉంటున్నది. నేను ముందు అంతగ పట్టిచ్చుకోలే. ఎవరో ఇరవై రూపాయలు కొట్టిండ్రు. డబ్బా చెప్పింది. ఆమె తలకాయ ఎత్తి ఆ మనిషి దిక్కు చూసి పొట్లం ఇచ్చింది. ఇంకొకరు కొట్టిండ్రు. మళ్ళ తల ఎత్తింది. అప్పుడు సమజయింది. డబ్బా మాట్లాడితే అదురుతది గద, ఆ అదురు ఆమె మోచేతికి తెలుస్తున్నది.

"సేటూ, ఆమెకు తెలుస్తున్నది" అన్న.

"ఏం తెలుస్తది? పైసలు పడ్డయని తెలుస్తది. ఎన్ని పడ్డయో తెలుస్తదా? ఆగు, నీకు చూపిస్త."

ఆమెకు రెండు వేళ్ళు చూపించి రెండు ప్లేట్లు కట్టుమన్నడు. నలభై రూపాయల మాల్. ఆమె కాగితంల బజ్జీలు పెట్టి, పైనుంచి ఉల్లిగడ్డ ముక్కలు చల్లి, పొట్లం కట్టింది. సేటు ఫోన్ తీసి స్టిక్కర్ మీద పెట్టి కొట్టిండు.

"ఒక రూపాయి అందింది" అన్నది డబ్బా.

గట్టిగనే అన్నది. బస్సు కోసం ఉన్నోళ్ళందరికి వినపడ్డది. ఆమె మోచేతికి అదురు తెలిసింది. తల ఎత్తి, సేటు దిక్కు చూసి, తల ఊపి, పొట్లం ఇచ్చింది.

"చూసినవా?" అన్నడు సేటు నాతోని.

ఇప్పుడు మిగిలింది కొడతడు అనుకున్న. నిజంగనే అట్లనే అనుకున్న. ఆయన పొట్లం ఇప్పి, ఒక బజ్జీ తీసి, ఊదుకొని కొరికిండు. "జల్ది పట్టుకరా" అని చెప్పి తన దుకాణం దిక్కు పోయిండు.

అక్కడున్నోళ్ళు ఏం చేసిండ్రో నాకు మంచిగ యాదికున్నది. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఒకాయన బస్సు వచ్చే దిక్కు చూసిండు, బస్సు వస్తలేదు. జామపండ్లామె తక్కెడ సరిచేసుకున్నది. నేను డబ్బా దిక్కు చూసిన, తప్పు దానిదే అన్నట్టు. ఏండ్లకేండ్లు దుకాణాలల్ల మాట్లాడి బతికిన మనిషిని. ఆ దినం నోట్లెకెళ్ళి ఒక్క మాట రాలే. నలభై దుకాణాలు కండ్ల ముంగట ఉన్నయి.

వినపడనోళ్ళు మొఖాలు చదువుతరు. ఆమె మా అందరి మొఖాలు ఒక్కొక్కటి చూసింది. మంట తగ్గించింది. చేతులు బట్టకు తుడుచుకొని, నడుముకు కట్టుకున్న సంచిలకెళ్ళి ఫోన్ తీసి చూసుకున్నది. బండి చుట్టు తిరిగి వచ్చి నా ముంగట నిలబడ్డది. ఫోన్ నా మొఖం ముంగట పెట్టి, ఒక్క వేలు లేపింది.

సేటు దుకాణం పది అడుగుల దూరంల ఉన్నది. ఆమె ఆడికి పోలే. నా కాడికి వచ్చింది. డబ్బా తెచ్చింది నేను గద.

నేను చెవి చూపించి, డబ్బా చూపించి, చెయ్యి ఊపిన. ఇది నీకు పనికిరాదు, తీసుకపోత అన్నట్టు. అని డబ్బా మీద చెయ్యి పెట్టిన. ఆమె నా మణికట్టు పట్టుకున్నది. పిండి ఇంకా పూర్తిగ పోలేదు, చెయ్యి వేడిగ ఉన్నది. పట్టు మాత్రం గట్టిది. నన్ను వదిలిపెట్టి జల్ది జల్ది చేతులు తిప్పింది. తన చెవి ముట్టుకొని కాదన్నట్టు ఊపింది. డబ్బా చూపింది. తర్వాత చుట్టు ఉన్నోళ్ళ చెవులు ఒక్కొక్కటి వేలుతోని చూపించింది. నవ్విన ఆమెది, బస్సు దిక్కు చూసిన ఆయనది, జామపండ్లామెది. ఆఖరుకు నాది.

నాకు అర్థం కాలేదు. కాలేదా, కావద్దనుకున్ననా, ఇప్పుడు చెప్పలేను. జామపండ్లామెను అడిగిన.

"ఏమంటున్నదక్కా?"

"అంత సదువుకున్నోనివి, నీకు అర్థమైతలేదా? అది ఆమె చెవులకు కాదంట. మన చెవులకంట."

తక్కెడ దిక్కు చూసుకుంట చెప్పింది. "ఇది మొదటిసారి కాదన్నా. అయిదు కొట్టి పోయేటోళ్ళున్నరు, పది కొట్టి పోయేటోళ్ళున్నరు. ఆమె అన్నీ తన ఫోన్ల చూసుకుంటది, ఎవలెవలో ఆమెకు ఎరుకనే. సేటుది మాత్రం ఇయ్యాలనే. నేను ఆయన అరుగు ముంగట గంప పెట్టుకొని బతుకుతున్న. ఏమని చెప్పుదు?"

ఆమెను ఏమంటం? ఆమెకు అరుగు, నాకు నలభై దుకాణాలు.

ఇంతల బజ్జీలామె డబ్బాను పట్టుకొని తిప్పింది. మాట వచ్చే దిక్కు జనం దిక్కు పెట్టింది. పక్కకు సౌండు పెంచే బటన్ ఉంటది, నొక్కినప్పుడల్ల టింగుమంటది. అది నొక్కుకుంట మా మొఖాలు చూసింది. ఇంకొకసారి నొక్కింది, మళ్ళ చూసింది. బస్సు దిక్కు చూసిన ఆయన ఉలిక్కిపడంగనే ఆపింది. అంత చాలు అనుకున్నదేమో. పోయి మంట పెంచుకున్నది.

నా ఫోన్ మోగింది, దుకాణం లోపలికెళ్ళి. సేటు. "ఏమైంది, తెస్తున్నవా?"

"తెస్తలేను సేటూ."

"ఎందుకు?"

చెప్పాలంటే అదే మౌకా. ముప్పై తొమ్మిది రూపాయలు తక్కువ కొట్టినవు, అది కొట్టు అనొచ్చు. నేను అనలే. "దీనికి గిరాకి మంచిగున్నది" అన్న. ఆయన ఫోన్ పెట్టేసిండు.

కామారెడ్డికి వాపస్ పోవాల్సిన టైం అయింది. పోబుద్ధి కాలే. బండి పక్కకు నిలబడ్డ. డబ్బా "ఇరవై" అంటే ఆమెకు రెండు వేళ్ళు చూపించిన. "అరవై" అంటే ఒక చెయ్యి అయిదు, ఇంకో చెయ్యి ఒకటి. మొదట్ల ఆమె నా దిక్కు అనుమానంగ చూసింది. రెండు మూడు సార్లు ఫోన్ తీసి సరిచూసుకున్నది. తర్వాత చూసుకునుడు బంద్ చేసింది. ఒకసారి డబ్బా "ముప్పై అయిదు" అన్నది. నాకేం చెయ్యాల్నో తోచక మూడు వేళ్ళు చూపించి ఆగిన. ఆమెనే అరచెయ్యి సగం మడిచి, గిట్ల చెయ్యుమని నేర్పింది. నాకు అప్పటిదాకా పెద్ద మేలు చేస్తున్నట్టు ఉండె. పాఠం నాకే అయితున్నదని అప్పుడు తెలిసింది.

గంటన్నర అట్లనే నిలబడ్డ. కాళ్ళు గుంజినయి. చాయ తాగొద్దామని రెండు అడుగులు ఏసిన్నో లేదో, డబ్బా "నలభై" అన్నది. నేను వెనుకకు మల్లేలోపలనే, కాలేజి నుంచి వచ్చి బస్సు కోసం నిలబడ్డ ఒక అమ్మాయి నాలుగు వేళ్ళు లేపింది. ఎవరూ చెప్పలే ఆమెకు. ఇంతసేపు నన్ను చూసింది గద. నేను చాయ తాగి, మళ్ళ బండి కాడికి పోకుండ, మోటర్‌సైకిల్ తీసిన.

ఇగ నలభై దుకాణాల సంగతి. మీటింగయింది. వేరే కంపెనీ స్టిక్కర్లు పడ్డయి. టీం లీడరు ఆఫీసుల అందరి ముంగట అడిగిండు.

"అంకుల్, ఒక్క డబ్బా కోసం నలభై షాపులు పోగొట్టిండ్రు. ఎందుకో చెప్పుండ్రి."

జరిగింది జరిగినట్టు చెప్పిన. నేను నోరు మూసుకున్న కాడ గూడ దాచలే. ఆయన అంతా విని, "మన కంపెనీల సమాజ సేవకు వేరే సెక్షన్ లేదు అంకుల్" అన్నడు. అందరు నవ్విండ్రు, నేను గూడ నవ్విన. ఆ నెల నాకు కమిషను రాలే. మనిషి చెడ్డోడు మాత్రం కాదు. తర్వాత మాటతోపాటు అంకెలు గూడ కనపడే డబ్బాలు వచ్చినప్పుడు, మొదటి పెట్టెలకెళ్ళి ఒకటి తీసి నా చేతుల పెట్టి, "ఎల్లారెడ్డిల ఇచ్చిరాండ్రి" అన్నడు. తీసుకపోయిన. బజ్జీలామె దాన్ని సంబురంగనే తీసుకున్నది. తీసుకొని, అంకెలు జనం దిక్కు ఉండేటట్టు తిప్పి పెట్టింది. నాలుగు దినాలల్ల నూనె ఆవిరికి అద్దం మసకబారి, ఎవరికీ కనపడకుండ అయింది.

ఆ అవ్వను చూసొద్దామని, కొత్త డబ్బా ఇచ్చిన దినమే వాళ్ళింటికి పోయిన. మంచం మీద ఒత్తిగిలి పండుకొని ఉన్నది. నన్ను గుర్తుపట్టి "డబ్బా కొడుకా" అన్నది. "నేను లేకుంటే ఎట్లనో అనుకున్న. కోడలు నడుపుకుంటున్నది" అన్నది. నేను చెప్పేందుకు ఒక మాట తయారు చేసుకొని పోయిన, నాది తప్పయిందని. ఆమె తన నొప్పుల గురించి మొదలుపెట్టింది. వినుకుంట కూసున్న, నా మాట నా కాడనే ఉండిపోయింది.

పని మానేసేటప్పుడు పాత గిరాకీలందరిని కలిసిన. సేటు కాడికి గూడ పోయిన. చాయ తెప్పిచ్చిండు. ఇగ నాకు పోయేదేం లేదు గదా అని ఆనాటి సంగతి ఎత్తిన. "ఏ ఒక్క రూపాయి?" అన్నడు. నేను చెప్పుకుంట పోయిన. ఆయన నుదురు ముడిచి ఆలోచించిండు. దాస్తున్నడేమోనని మొఖం చూసిన. లేదు, నిజంగనే యాదికి లేదు. ఇన్నేండ్లు నేను మరువని సంగతి ఆయనకు ఒక పొట్లం బజ్జీలు గూడ కాదు.

మీకు ఇది ఎందుకు చెప్తున్నంటే, మీరు గూడ బజార్ల తిరుగుతరు, మీకు గూడ టార్గెట్లు ఉంటయి. మిషన్లు మంచిగనే పనిచేస్తయి. నేను పెట్టిన డబ్బా ఆ దినం ఒక్క అక్షరం తప్పు చెప్పలే. మిగిలినోళ్ళందరం ఏం చేసినమో చెప్పిన గద.

ఆమధ్య నస్రుల్లాబాద్‌ల చుట్టాల లగ్గానికి బస్సుల పోతుంటే ఎల్లారెడ్డిల పావుగంట ఆపిండు. మోకాళ్ళ నొప్పితోని మెల్లగ దిగి బండి కాడికి పోయిన. గుంపు మస్తుగ ఉన్నది. బజ్జీలామె తల వంచుకొని పిండి కలుపుతున్నది, నన్ను చూడలే. చెయ్యి చాపి రెండు వేళ్ళు చూపిస్తే ఆమె చూపు వేళ్ళ దాకనే వచ్చింది, నా మొఖం దాకా రాలే. పొట్లం కట్టింది. నేను ఫోన్ తీసి నలభై కొట్టిన. డబ్బా చెప్పింది.

నా పక్కకు నిలబడ్డ ఒక ఆడమనిషి ఫోన్ల ఎవరినో తిడుతున్నది, ఇంటికి రాని చుట్టాన్నో, పనికి రాని కూలీనో. తిట్టు ఆపకుండనే, ఆ దిక్కు చూడకుండనే, ఎడమ చెయ్యి పైకి లేపి నాలుగు వేళ్ళు చూపించింది. బజ్జీలామె పొట్లం నా చేతుల పెట్టి పక్కామె దిక్కు తిరిగింది.